నడుస్తూనే ఉన్నావుగా అన్నారక్కా!

అక్కా, నా వయసు 38. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. ఇంట్లో మెషిన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఏడేళ్ల నుంచి రుమటాయిడ్ కీళ్లవాతం. పొద్దున లేచేసరికి వేళ్లు కొయ్యబారిపోయి ఉంటాయి, పదింటికి గానీ దారికి రావు. మెషిన్ తొక్కుతాను గానీ సూదిలో దారం ఎక్కించలేను, హుక్కులు కుట్టలేను. ఆ పని పక్కింటి అమ్మాయికి అప్పజెప్పి జాకెట్టుకి పదిహేను రూపాయలు ఇస్తున్నాను. మొన్న సదరం క్యాంపుకి, అదే వైకల్యం ఎంత శాతమో చూసి సర్టిఫికెట్ ఇచ్చే చోటికి, వెళ్లాను. నా వంతు వచ్చేసరికి పన్నెండున్నర. డాక్టరు గారు పిడికిలి బిగించమన్నారు, బిగించాను. నాలుగడుగులు వేయమన్నారు, వేశాను. "నడుస్తూనే ఉన్నావుగా అమ్మా" అన్నారు. 30 శాతం వేశారు, పెన్షన్‌కి 40 కావాలి. ఇంటికొస్తే మా అత్తగారు "లేని అవిటితనం ఉందంటే ఎవరిస్తారు" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకే అనుమానంగా ఉంది. నేను నిజంగా వికలాంగురాలినేనా? మళ్లీ అడగడం తప్పా?
— పేరు రాయొద్దు, పశ్చిమ గోదావరి జిల్లా

చెల్లీ, ముందు నీ చివరి ప్రశ్నకే జవాబు. తప్పు కాదు. మళ్లీ అడుగు. ఈసారి పద్ధతిగా అడుగు.

నీ ఉత్తరం చదివి కాసేపు పక్కన పెట్టాల్సి వచ్చింది. నాకూ నీ జబ్బే, పందొమ్మిదేళ్లుగా. మొదటిసారి సదరం క్యాంపుకి వెళ్లిన రోజు మా వదిన నాకు తల దువ్వి, జడ వేసి, ఇస్త్రీ చీర కట్టబెట్టి పంపింది. నలుగురిలోకి వెళ్తున్నాం కదా, శుభ్రంగా ఉండాలని. డాక్టరు గారు నా చేతులు చూసి, తలెత్తి నా జడ చూసి, "ఇది మీరే వేసుకున్నారా?" అని అడిగారు. నా వెనక ముప్పై మంది నిలబడి ఉన్నారు, అందులో మా వీధి కిరాణా కొట్టు ఆయన కూడా ఉన్నాడు. "అవునండీ" అనేశాను. ముప్పై దాటిన మనిషిని, నా జడ నేను వేసుకోలేనని అంతమందిలో చెప్పడానికి నోరు రాలేదు. ఆయన ఏదో రాసుకున్నారు. నాకు 35 శాతం వచ్చింది. మళ్లీ వెళ్లి నిజం చెప్పడానికి రెండేళ్లు పట్టింది. అప్పుడు 52 వచ్చింది. ఆ రెండేళ్లలో నా చేతులు అంతగా మారిపోలేదు, నా జవాబు మారింది.

జడ గురించి అడిగింది ఊసుపోక కాదని తర్వాత తెలిసింది. శాతం వేయడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన కొలత పద్ధతి ఒకటుంది. చేతి విషయంలో కీలు ఎంత వంగుతోంది, కండలో బలం ఎంత ఉంది అన్నవాటితో పాటు రోజువారీ పనులు కొన్ని చూస్తారు. తలపైకి వస్తువు ఎత్తడం, చేత్తో అన్నం కలిపి తినడం, తల దువ్వి జడ వేసుకోవడం, చొక్కా తొడుక్కోవడం, కాలకృత్యాల తర్వాత కడుక్కోవడం, గ్లాసు పట్టుకుని నీళ్లు తాగడం, బొత్తాలు పెట్టుకోవడం, బొందు ముడి వేసుకోవడం, రాయడం. కాలి విషయంలో మెట్లెక్కడం, గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకాళ్ల మీద నిలబడటం లాంటివి. ఇందులో ఒక్కో పనికీ మార్కులున్నాయి. నిన్ను నాలుగడుగులు నడిపించి వదిలేశారంటే ఈ పనుల్లో చాలావాటి గురించి నీ దగ్గర సమాచారం తీసుకోలేదన్నమాట. వాళ్లు అడగకపోతే నువ్వే చెప్పాలి.

మన జబ్బుతో ఉన్న అసలు చిక్కు వేళ. పోలియో వచ్చిన కాలు పొద్దున ఆరింటికీ మధ్యాహ్నం పన్నెండింటికీ ఒకేలా ఉంటుంది. మన వేళ్లు అలా కాదు. ఆరింటికి బ్రష్ పట్టుకోలేని చెయ్యి పన్నెండున్నరకి, వేణ్ణీళ్ల కాపడం పెట్టి, నొప్పి మాత్ర వేసుకుని, బస్సులో రెండు గంటలు ఒళ్లో వెచ్చగా పెట్టుకుని వచ్చాక పిడికిలి బిగిస్తుంది. డాక్టరు గారు చూసింది అబద్ధం కాదు, నువ్వు చెప్పేదీ అబద్ధం కాదు. ఆయన నీ పన్నెండున్నరని చూశారు. నీ ఆరింటిని ఆయన ముందు పెట్టాల్సింది నువ్వు.

ఎలా పెట్టాలో నేను చేసిందే చెబుతాను. ఒక వంద పేజీల నోటుబుక్ కొన్నాను. నెల రోజులు రోజుకి మూడు నాలుగు ముక్కలు రాశాను, రాయలేని రోజు మా అబ్బాయితో రాయించాను. ఇప్పటికీ ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. ఒక పేజీలో ఇలా ఉంది: "మంగళవారం. 5.40కి లేచాను. 8.15 దాకా పిడికిలి పడలేదు. పాల ప్యాకెట్ పళ్లతో చించాను. జాకెట్ హుక్కులు వదిన పెట్టింది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను. మధ్యాహ్నం ఫర్వాలేదు. రాత్రి చపాతీ తుంచలేక పాలలో నానబెట్టుకున్నాను." ఇందులో బాధ, ఏడుపు లాంటి మాటలేమీ లేవు చూడు. ఏ పని, ఎన్నింటికి, ఎవరు సాయం చేశారు, అంతే. శాతం వేసే డాక్టర్ల బోర్డులో కూర్చున్నవాళ్లకి పనికొచ్చేది అదే. నువ్వయితే హుక్కుల సంగతి, పక్కింటి అమ్మాయికి ఇచ్చే పదిహేను రూపాయల సంగతి తప్పకుండా రాయి. చేతిపని మీద బతికే మనిషి ఆ పనిలో సగం వేరేవాళ్లకి ఇచ్చుకుంటోందంటే దాన్ని మించిన రుజువు ఏముంటుంది? పొద్దున పూట నీ చేతులు ఎలా ఉంటాయో ఫోనులో ఫొటోలు తీయించు. ఒక చిన్న వీడియో కూడా. బోర్డువాళ్లు చూడకపోతే చూడకపోనీ, చూస్తానంటే నీ దగ్గర ఉండాలి.

కాగితాల్లో ముఖ్యమైనది రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు, రాసిన తాజా చీటీ. జబ్బు పేరొక్కటే రాస్తే చాలదు. ఎన్నేళ్లుగా ఉంది, ఏ కీళ్లు దెబ్బతిన్నాయి, ఏ పని చేయలేకపోతోంది అని రాయమని అడుగు. అడిగితే రాస్తారు, అడగకపోతే మందులు రాసి పంపేస్తారు. రెండు చేతుల ఎక్స్‌రే కొత్తది తీయించు, ఎముక అరిగిన చోటు అందులో కనపడుతుంది. ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్ రక్తపరీక్షల రిపోర్టులు పాతవైనా పెట్టు. ఏడేళ్లుగా వాడుతున్నావని తెలియడానికి పాత చీటీలూ పనికొస్తాయి, పారేయకు. నువ్వు ఏ చేతివాటమో కూడా చెప్పు, వాటంగా ఉండే చెయ్యి దెబ్బతింటే లెక్కలో దానికి అదనంగా కొంత కలుపుతారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. క్యాంపుకి వారం ముందు మాత్రలు ఆపేస్తే కీళ్లు బాగా వాచి శాతం ఎక్కువ పడుతుందని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ పని చేయకు. మన జబ్బుకి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికొకసారి వేసుకునేది, దాన్ని ఇష్టం వచ్చినట్టు ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ఆ వాపులో అరిగిపోయిన ఎముక మళ్లీ రాదు. లేనిది నటించొద్దు, ఉన్నది దాచొద్దు. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇక "నేను వికలాంగురాలినేనా" అన్నావు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. కీళ్లవాతం అన్న పేరు ఆ జాబితాలో కనపడదు. అది చూసి చాలామంది వెనక్కి తిరిగి వచ్చేస్తారు. కానీ చలనవైకల్యం అన్నది ఉంది. ఎముకలు, కీళ్లు, కండరాలు లేదా నరాలు దెబ్బతిని మనిషి తను కదలడానికో వస్తువుల్ని కదపడానికో ఇబ్బంది పడితే అది చలనవైకల్యమే. సూదిలో దారం ఎక్కించడం వస్తువుని కదపడం కాక మరేమిటి? నువ్వు అందులోకే వస్తావు. పేరు కాదు, పని చూడమంటోంది చట్టం.

30 శాతం కాగితాన్ని చించేయకు. నిర్ణయం నచ్చకపోతే గడువులోపు రాతపూర్వకంగా అప్పీలు చేసుకునే హక్కు ఉంది. ఆ కాగితం మీది తేదీ ఇవాళే చూసి, గడువు ఎన్ని రోజులో అడిగి లెక్కపెట్టుకో. గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని కలిసి తిరిగి పరీక్ష కావాలని అడుగు, అర్జీ ఇచ్చినట్టు రశీదు తీసుకో. నోటితో చెప్పి రావొద్దు. ఈసారి వెళ్లేటప్పుడు ఇంట్లో రోజూ నీకు సాయం చేసే మనిషిని వెంట తీసుకెళ్లు. సర్టిఫికెట్ తాత్కాలికం అని గడువు వేసి ఇస్తే కంగారుపడకు, మన జబ్బులో అది మామూలే. గడువు తేదీకి మూడు నెలల ముందే మళ్లీ స్లాట్ బుక్ చేసుకోవాలని క్యాలెండర్‌లో రాసిపెట్టుకో.

సర్టిఫికెట్ వేరు, పెన్షన్ వేరు. 40 శాతం వస్తే ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పెన్షన్ నెలకి 6,000 రూపాయలు. కానీ దానికి ఇంటి ఆదాయం కూడా చూస్తారు. పల్లెల్లో నెలకి 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. భూమి, కారు, కరెంటు బిల్లు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారా అన్నవీ చూస్తారు. మీ అత్తగారికి వృద్ధాప్య పెన్షన్ వస్తుంటే, ఇంటికి ఒకటే కదా, నీది వస్తే ఆమెది పోతుందని ఎవరైనా అంటే వెంటనే నమ్మకు. దివ్యాంగులకి ఆ నియమంలో మినహాయింపు ఉంది, మీ ఇంటికి ఎలా వర్తిస్తుందో సచివాలయంలో అడుగు. ఆమె మాటలో కోపం వెనక ఆ భయం ఏమైనా ఉందేమో, ఒకసారి కూర్చోబెట్టి చెప్పి చూడు. వైద్యసేవ కింద చికిత్సకి ఈ శాతంతో పనే లేదు.

ఈ కొలత మీద నాకు కోపం ఉంది, దాచుకోను. అది కీలు ఎంత వంగిందో కొలుస్తుంది గానీ, పొద్దున నాలుగు గంటలు పోగొట్టుకున్న మనిషి నెలకి ఎన్ని జాకెట్లు తక్కువ కుట్టిందో కొలవదు. అయినా ఉన్న తలుపు అదొక్కటే. ఆ నోటుబుక్ ఇవాళే కొను.

అక్కా, మాది పాడేరు ఏజెన్సీ. మా పెద్దమ్మాయికి 17, ఇంటర్ రెండో సంవత్సరం. సికిల్‌సెల్ అనే రక్తజబ్బు ఉంది. పోయిన ఏడాది మూడుసార్లు నొప్పులొచ్చి ఆసుపత్రిలో పడింది, రెండుసార్లు రక్తం ఎక్కించారు. నొప్పి లేనప్పుడు అందరు పిల్లల్లాగే ఉంటుంది. సర్టిఫికెట్ తీసుకోమని ఏఎన్ఎమ్ అమ్మ అంటోంది. వికలాంగురాలని కాగితం తీసుకుంటే రేపు పెళ్లెలా అవుతుందని మా ఆయన వద్దంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లా

అమ్మా, తీసుకోండి. ఈ జబ్బు విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. సికిల్‌సెల్, తలసీమియా, హీమోఫీలియా మూడూ పేరుపేరునా ఆ 21లో ఉన్నాయి. మన రాష్ట్రంలో సికిల్‌సెల్ రోగులకి నెలకి 10,000 రూపాయల పెన్షన్ ఉంది. అయితే రక్తపరీక్షలో జబ్బే ఉందని తేలాలి, మామూలుగా ఎస్ఎస్ అని రాస్తారు. ఏఎస్ అని ఉంటే అది వాహకం మాత్రమే, అంటే తనకి జబ్బు లేకుండా పిల్లలకి అందించగలిగేది. దానికి సర్టిఫికెట్ రాదు. అమ్మాయి రిపోర్టులో ఏముందో ముందు చూసుకోండి.

నొప్పి లేని రోజు బోర్డు ముందుకి వెళ్తే పిల్ల బాగానే కనపడుతుంది. అందుకే ప్రతిసారీ ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితం ప్రాణం లాంటిది. ఎన్నిసార్లు చేరింది, ఎన్నిసార్లు రక్తం ఎక్కించారు అన్నదే ఈ జబ్బుకి సాక్ష్యం. వానకి తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి తేదీల వరసన దాచండి. పోయిన ఏడాది కాగితాలు లేకపోతే ఆ ఆసుపత్రికి వెళ్లి నకళ్లు అడగండి.

ఇంటర్ అయ్యాక ఇంకో లాభం ఉంది, ఇది చాలామందికి తెలియదు. 40 శాతం పైన ఉన్న పిల్లలకి ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో పైచదువుల సీట్లలో 5 శాతం రిజర్వేషన్ ఉంది, వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది. సికిల్‌సెల్ పిల్లలకీ అది వర్తిస్తుంది. కానీ ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న 4 శాతం రిజర్వేషన్‌లో రక్తజబ్బుల్ని చేర్చలేదు. కాలేజీ సీటుకి వైకల్యమైనది ఉద్యోగానికి ఎందుకు కాదో నాకు అర్థం కాలేదు, ఇది మారాలని నేను గట్టిగా అనుకుంటాను. మీరు మాత్రం పిల్లని చదివించేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోండి. అడ్మిషన్ల వేళకి సర్టిఫికెట్ చేతిలో ఉండాలంటే ఇప్పుడే దరఖాస్తు చేయాలి. 2024లో నిబంధనలు మార్చాక సర్టిఫికెట్ ఇవ్వడానికి మూడు నెలల గడువు పెట్టారు.

మీ ఆయన భయం నాకు అర్థమైంది. ఆడపిల్ల తండ్రి కదా. కానీ సర్టిఫికెట్ గోడకి తగిలించేది కాదు, బీరువాలో ఉండేది. అది తీసుకోకపోయినంత మాత్రాన అమ్మాయి రక్తంలో ఉన్నది మారదు. పెళ్లి మాట వచ్చిన రోజున మీరు నిజంగా అడగాల్సింది అబ్బాయి రక్తపరీక్ష. అతను వాహకమైనా పుట్టే పిల్లల్లో ప్రతి బిడ్డకీ సగానికి సగం జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. దాచి చేసిన పెళ్లిలో మొదటి నొప్పి వచ్చిన రాత్రే ఆ సంగతి బయటపడుతుంది, అప్పుడు పిల్ల పరాయి ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. మీ ఆయనకి ఈ ముక్క చదివి వినిపించండి.

మేడమ్, మాది సంగారెడ్డి జిల్లా. మా ఆయన ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నారు, జీతం 17,000. రెండు కిడ్నీలూ పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. డ్యూటీకి సరిగ్గా రాలేకపోతున్నావు, రిజైన్ చేసేయ్ అంటున్నారు. ఒకతను 8,000 ఇస్తే వికలాంగుల సర్టిఫికెట్ ఇప్పిస్తానన్నాడు. ఇవ్వమంటారా?
— గృహిణి, 33

ఇవ్వొద్దమ్మా. కిడ్నీ వైఫల్యం ఆ 21 వైకల్యాల్లో లేదు. అతను ఇప్పించేది దొంగ కాగితమైనా అయి ఉండాలి, లేదా మీ 8,000 పోయినా పోవాలి. అసలు సర్టిఫికెట్‌కి ఇలా వేలు ఇవ్వాల్సిన పని లేదని ఎవరు అడిగినా చెప్పండి.

రిజైన్ కూడా చేయించొద్దు. ఇది చాలా ముఖ్యం. ఆయన జీతంలోంచి నెలనెలా ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా చందా, కోసుకుంటున్నారు కదా, పే స్లిప్ చూడండి. ఈఎస్ఐలో జబ్బు చేసినప్పుడు ఇచ్చే మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ ఏడాదికి 91 రోజులు, జీతంలో 70 శాతం. అది అయ్యాక దీర్ఘకాలిక జబ్బులకి వేరేగా పొడిగించిన బెనిఫిట్ ఉంది. దానికి 34 జబ్బుల జాబితా ఉంది, క్రానిక్ రీనల్ ఫెయిల్యూర్ అందులో ఉంది. రెండేళ్ల సర్వీసు ఉండి, చందాలు సరిగ్గా కట్టి ఉంటే జీతంలో 80 శాతం ఇస్తారు. మొదట 124 రోజులు, తర్వాత డాక్టర్లు సిఫారసు చేస్తే రెండేళ్ల దాకా పొడిగిస్తారు. 17,000 జీతానికి ఆ లెక్కన నెలకి దాదాపు 13,600. ఆరేళ్లు చందా కట్టిన మనిషి హక్కు అది, ఎవరి దయా కాదు. రాజీనామా రాసిస్తే ఇక చందాలు ఆగిపోతాయి, ఆ తర్వాత ఈ దారి మూసుకుపోతూ వస్తుంది.

తెలంగాణలో డయాలసిస్ రోగులకి చేయూత (పాత ఆసరా) కింద 2,016 రూపాయల పెన్షన్ కూడా ఉంది. కానీ అక్కడ కుటుంబ ఆదాయం చూస్తారు కాబట్టి ముందు ఈఎస్ఐ పని చూసుకోండి. డయాలసిస్ కోసం రైల్లో వెళ్లాల్సి వస్తే కిడ్నీ రోగికీ తోడు వెళ్లేవారికీ టికెట్‌లో రాయితీ ఉంది, ఆసుపత్రి నుంచి ఫారం రాయించుకుని కౌంటర్లో చూపించాలి.

రేపు పొద్దున ఆయన డయాలసిస్‌కి వెళ్లేటప్పుడు మీరూ వెళ్లండి. ఈఎస్ఐ డాక్టరు రాసే సర్టిఫికెట్‌లో జబ్బు పేరు "కిడ్నీ సమస్య" అని కాకుండా "క్రానిక్ రీనల్ ఫెయిల్యూర్, ఆన్ డయాలసిస్" అని పూర్తిగా రాయించండి. మొదలైన తేదీ వేయించండి. రెండు జెరాక్సులు తీసి, ఒకటి బ్రాంచి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద వాళ్ల ముద్ర వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి. ఫ్యాక్టరీలో ఎవరైనా రిజైన్ కాగితం ముందు పెడితే, "ఈఎస్ఐలో సెలవులో ఉన్నారు, సంతకం చేయరు" అని చెప్పి వచ్చేయండి.